సికింద్రాబాదు వాసుల వేసవి కొండలు

సికింద్రాబాదుకు కొండలున్నాయి గానీ కొండ విడిది లేదు. మౌలాలి గుట్ట, దాని ఎదురుగా ఉన్న ఖదమ్-ఎ-రసూల్ గుట్ట, తిరుమలగిరి బండలు పగలంతా ఎండను తాగి రాత్రి పొద్దుపోయేదాకా దాన్ని కక్కుతుండే రాళ్లు. అందుకే ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులిచ్చింది మొదలు జూన్ రెండో వారంలో మళ్లీ తెరిచేదాకా ఈ ఊరి జనం చల్లదనం కోసం ఇతర కొండల వైపు చూస్తారు. పడమట వికారాబాదు అనంతగిరి, దక్షిణాన నల్లమల, ఇంకా కిందికి వెళితే మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్, తూర్పున అరకు, తెలుగు నేల దాటితే ఊటీ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట బేగంపేట వాతావరణ కేంద్రం లెక్కల్లోనూ కనిపిస్తుంది. 1966 జూన్ 2న అక్కడ 45.5 డిగ్రీలు నమోదైంది.

ఈ కొండల్లో వేసవి సందర్శకులు ఏం చేయవచ్చు, ఏ వేళ చేయాలి, ఏ కొండ నిజంగా చల్లన, ఏది పేరుకే చల్లన అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఎత్తు, నీడ, వేళ

పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని వాతావరణ శాస్త్రం చెప్పే మోటు లెక్క. సికింద్రాబాదు దక్కను పీఠభూమి మీద సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఇక్కడివాళ్లు కొంత ఎత్తున ఉండే బయలుదేరుతున్నారు. తేడాను అక్కడి నుంచి లెక్కగట్టాలి. అనంతగిరి నగరం కన్నా రెండు వందల మీటర్లకు మించి ఎత్తు ఉండదు కాబట్టి లెక్క ప్రకారం దక్కేది ఒక్క డిగ్రీ. అరకు లోయ సుమారు 900 మీటర్లు, తేడా రెండున్నర డిగ్రీల దగ్గర. హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు, నాలుగైదు డిగ్రీలు. ఊటీ 2,240 మీటర్లు, పదకొండు డిగ్రీలు. మేలో సికింద్రాబాదు 41 దగ్గర ఉడుకుతుంటే హార్సిలీ హిల్స్ మీద మధ్యాహ్నం 36 ఉండవచ్చు. దీన్ని చలి అనలేం.

మరి జనం ఎందుకు వెళతారు? నీడ కోసం, రాత్రి కోసం. పగలు కాంక్రీటు, తారు మింగిన వేడి వల్ల నగరంలో అర్ధరాత్రి దాటినా గోడలు వెచ్చగానే ఉంటాయి. చెట్లున్న కొండ మీద సూర్యుడు వాలగానే నేల చల్లబడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి దుప్పటి వెతుక్కుంటే వెళ్లిన పని నెరవేరినట్టే. కాబట్టి తెలుగు కొండల మీద వేసవి దినచర్య రెండు ముక్కలుగా సాగాలి: తెల్లవారక ముందు నుంచి తొమ్మిదింటి దాకా ఒకటి, సాయంత్రం అయిదు తర్వాత ఇంకొకటి. మధ్యలో ఏమీ చేయకుండా చెట్టు కింద నడుం వాల్చడమే చేయదగిన పని. పర్యాటక కరపత్రాల్లో ఈ సంగతి రాయరు. పది గంటలకు బయలుదేరి పన్నెండింటికి వ్యూ పాయింట్ దగ్గర నిలబడి, ఇదేం చల్లదనమని తిట్టుకునే కుటుంబాలు అందుకే ప్రతి మేలోనూ కనిపిస్తాయి.

నీడ విషయంలో ఇంకో మెలిక ఉంది. తెలంగాణ అడవుల్లో ఎక్కువ భాగం ఆకురాల్చే రకం. టేకు, మద్ది, మోదుగ మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, కొత్త చిగురు ముదిరేదాకా కట్టెపుల్లల్లా నిలబడతాయి. ఫోన్లలో చూసి మురిసిపోయే అనంతగిరి పచ్చదనం ఆగస్టులో తీసిన ఫోటోలది.

దండు కాలం నుంచి

1798లో నిజాం అలీఖాన్, ఈస్టిండియా కంపెనీ కుదుర్చుకున్న సైన్య సహకార ఒప్పందంతో హుస్సేన్ సాగర్‌కు ఈశాన్యంగా కంపెనీ దండు దిగింది. 1806లో ఆ దండుకు మూడో ఆసఫ్‌జాహీ పాలకుడు సికందర్ జా పేరు పెట్టారు. ఆంగ్లేయ అధికారులకు దక్కను ఎండ పడేది కాదు. వేసవికి నీలగిరులు ఎక్కే అలవాటు దక్షిణాది దండుల్లో బలపడింది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వమే 1870 నుంచి ఏటా వేసవికి ఊటీకి తరలేది. నిజాములకూ ఊటీలో సీడార్స్ అనే బంగళా ఉండేది.

సికింద్రాబాదు చరిత్రలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన కొండ సెలవు మాత్రం సుఖంగా గడవలేదు. మలేరియా మీద పనిచేస్తున్న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ సెలవు మీద ఊటీ వెళ్లి, దాని దిగువనున్న సిగూరు కనుమలో దోమల కోసం తిరిగి, తానే మలేరియా తెచ్చుకున్నాడు. ఆ తర్వాత సికింద్రాబాదులో పని కొనసాగించి, 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కొండ మీద చలి ఉండవచ్చు గానీ కనుమలో దోమా ఉంటుంది. ఆ జాగ్రత్త నేటి సందర్శకులకూ వర్తిస్తుంది.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. కొండ ప్రయాణాలు సామాన్యులకు అందుబాటులోకి రావడం అప్పటి నుంచే మొదలైంది. ఇప్పటికీ పై కొండల్లో చాలావాటికి మొదటి మెట్టు సికింద్రాబాదు స్టేషనే. ఎదురుగా ఆల్ఫా హోటల్లో ఇరానీ చాయ్ తాగి బండెక్కడం చాలా కుటుంబాల్లో ప్రయాణంలో భాగంగానే లెక్క.

అనంతగిరి

ఆ వాడి లైను మీదే సుమారు 70 కిలోమీటర్ల దూరంలో వికారాబాదు జంక్షన్ ఉంది. పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన ఊరు. అక్కడి నుంచి ఐదారు కిలోమీటర్లు ఎక్కితే అనంతగిరి. చల్లదనం కోసం పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగిన కొండ ఇదే కావడంతో ఆదివారాలు రద్దీ విపరీతం.

కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, దిగువన భవనాశిని పుష్కరిణి ఉన్నాయి. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. దేవతల పక్షాన యుద్ధం చేసి అలిసి గుహలో నిద్రపోతున్న ముచుకుందుడిని కాలయవనుడు కాలితో తన్ని లేపి, ఆయన చూపుకు బూడిదైన కథను ఇక్కడే జరిగినట్టు చెప్పుకుంటారు. మూసీకి ముచుకుంద నది అన్న పేరూ ఉంది. ఇక్కడ పుట్టిన నీరు గండిపేట చెరువు దాటి, నగరాన్ని చీల్చుకుంటూ, సుమారు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరంలో ముక్కు మూసుకుని వంతెన దాటేవాళ్లు ఒక్కసారి ఈ మొదలు చూడాలి. వేసవిలో ఇక్కడ నది ఉండదు. రాళ్ల మధ్య తేమ, అక్కడక్కడ మడుగు మాత్రమే కనిపిస్తాయి.

నిజాం పాలన చివరి రోజుల్లో ఈ కొండ మీద క్షయ ఆస్పత్రి కట్టారు. స్ట్రెప్టోమైసిన్ వాడుకలోకి రాకముందు క్షయకు తెలిసిన వైద్యం మంచి గాలి, మంచి తిండి, కదలని విశ్రాంతి. ఊరికి దూరంగా, పొడిగాలి వీచే ఎత్తైన చోటు వెతికేవాళ్లు. ఆంధ్ర వైపు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో వెలసిందీ ఇదే లెక్కతో. తెలుగు కొండలను రోగులకు విశ్రాంతి స్థలాలుగా ముందు గుర్తించింది వైద్యులు, పర్యాటక శాఖ ఆ తర్వాతే వచ్చింది. ఆ వైద్యులు రోగిని పడుకోమన్నారే గానీ జిప్‌లైన్ ఎక్కమనలేదు.

వేసవిలో అనంతగిరిలో చేయదగినవి తక్కువ. తెల్లవారుజామున గుడి వెనుక అడవి బాటల్లో నడక, పక్షుల కోసం చెవి ఒగ్గడం, సాయంత్రం లోయ అంచున కూర్చోవడం. ఫిబ్రవరి, మార్చిలో వెళితే ఆకులేని అడవిలో మోదుగ పూలు నిప్పులా కనిపిస్తాయి. రాత్రి ఉండేవాళ్లకు పర్యాటక సంస్థ హరిత విడిది, చుట్టుపక్కల ప్రైవేటు రిసార్టుల గుడారాలు ఉన్నాయి. నగరం వెలుతురుకు దూరం కావడంతో నక్షత్రాలు బాగా కనిపిస్తాయి. దాపులోనే ఉన్న కోట్‌పల్లి జలాశయం చిన్న పడవలకు పేరు పొందింది. అయితే మే నాటికి నీళ్లు అడుగంటుతాయి కాబట్టి పడవ కోసమే వెళ్లేవాళ్లు ముందు కనుక్కోవాలి. గుడారం ముందు మంట వేసుకోవాలన్న సరదా ఈ నెలల్లో మానుకోవలసిందే. ఎండిన ఆకు పరుచుకున్న అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

బండలెక్కడం

కొండ అంటే చల్లదనం కాదు, ఎక్కడం అనుకునేవాళ్లకు సికింద్రాబాదు చుట్టూ కొదవ లేదు. ఈ గుట్టల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు వీటి ముందు నిన్న మొన్నటివి. కుతుబ్‌షాహీల కాలం నుంచి దర్గా ఉన్న మౌలాలి గుట్టకు మెట్లున్నాయి. ఆరింటికి ముందే ఎక్కితే జంట నగరాలు ఒకేసారి కంటికి అందుతాయి.

అసలైన శిక్షణ దొరికేది భువనగిరిలో. కాజీపేట లైను మీద గంట ప్రయాణం. ఐదు వందల అడుగుల పైచిలుకు లేచిన ఒకే బండ, దాని మీద చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు, అంటే త్రిభువనమల్లుడి పేరు మోస్తున్న కోట. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లోనే నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ మొదటి పాఠాలు నేర్చుకుంది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని అయిన ఆమె 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌దీ గురుకుల బడే. వేసవి సెలవుల్లో పిల్లలను ఇక్కడికి తీసుకువచ్చే తల్లిదండ్రులు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఎనిమిది దాటితే బండ అరచేతులను కాలుస్తుంది.

నల్లమల, సలేశ్వరం

హైదరాబాదు–శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటగానే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఈ దారిలో వాహనాలు అనుమతించరు కనుక బయలుదేరే వేళ దానికి తగ్గట్టు చూసుకోవాలి. ఫరహాబాద్ గేటు నుంచి అటవీ శాఖ జీపుల్లో సఫారీకి తీసుకువెళతారు. వేసవి సఫారీకి ఒక లాభం ఉంది. వాగులు ఎండిపోయి జంతువులు మిగిలిన నీటి గుంటల దగ్గరికే రావాలి, పైగా ఆకు రాలిన అడవిలో చూపు దూరం పోతుంది. పులి కనిపించడం మాత్రం అదృష్టం. దుప్పులు, అడవి పందులు, నెమళ్లు చాలామందికే కనిపిస్తాయి. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తర ద్వారం. బండ చరియ కింద కట్టిన ఆ గుడిలో మండుటెండలోనూ ఊటనీరు ఆగదు. మల్లెల తీర్థం జలపాతానికి ఆ భరోసా లేదు. మేలో చూసొచ్చినవాళ్లు మెట్ల సంఖ్య గురించే మాట్లాడతారు.

తెలంగాణ కొండల్లో అచ్చంగా వేసవికే చెందిన యాత్ర ఒక్కటే. అది సలేశ్వరం. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు మాత్రమే అటవీ శాఖ దారి తెరుస్తుంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆ లోయ చెంచులది, జంతువులది. ఫరహాబాద్ నుంచి రాంపూర్ పెంట వైపు మట్టి దారిలో వాహనాలు వెళ్లగలిగినంత దూరం వెళ్లి, ఆపైన కొన్ని కిలోమీటర్లు నడవాలి. కొండ దిగడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దిగడం. ఒక పక్క బండ గోడ, మరో పక్క లోయ, మధ్యలో ఒక్కో చోట ఇద్దరు పట్టని దారి. పోయేటప్పుడు “వస్తున్నం లింగమయ్యో” అని, వచ్చేటప్పుడు “పోతున్నం లింగమయ్యో” అని కేక వేస్తారు. ఆ కేకలు లోయలో ఎదురెదురై కలుసుకుంటుంటాయి. అడుగున గుండం, దానిలోకి చాలా ఎత్తు నుంచి పడే సన్నని ధార, గుహలో లింగం. చెంచులే పూజారులు. చుట్టూ నలభై డిగ్రీలు దాటిన ఎండ కాస్తుంటే ఆ ధార కింద నిలబడినవాడి పళ్లు కటకటలాడతాయి. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ఎత్తు లెక్కలకు అందని చల్లదనమది. కొండ లోపలి నుంచి ఊరే నీరు, సూర్యుడు కాసేపే తొంగిచూసే ఇరుకు లోయ కలిసి చేసే పని అది.

ఈ యాత్రకు తెలంగాణ అమర్‌నాథ్ అని పత్రికలు పేరు పెట్టాయి. ఆ పోలిక అవసరమా అన్నది అనుమానమే. ఎవరి లింగమయ్య వారికి ఉన్నాడు. జనం మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. ఇరుకు దారుల్లో తోపులాట, ఎండదెబ్బ ఇక్కడి అసలు ప్రమాదాలు. పౌర్ణమి రోజున కాకుండా మొదటి రోజు చీకటితో బయలుదేరినవాళ్లు హాయిగా తిరిగి వస్తారు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఉమామహేశ్వరంతో సరిపెట్టుకోవడం మేలు.

నల్లమల దారి పొడవునా వేసవి తిండి అడవే పెడుతుంది. మొర్రి పండ్లు, తునికి పండ్లు, పాల పండ్లు ఆకు దొప్పల్లో పోసి అమ్ముతారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప పూలు రాలుతాయి. మేలో తునికాకు కోత సాగుతుంది. యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో ఆరబెట్టిన దృశ్యం పెంటల (చెంచు గూడేల) దగ్గర కనిపిస్తుంది.

హార్సిలీ హిల్స్

తెలుగు నేల మీద కొండ విడిది అనే మాటకు నిజంగా సరిపోయేది ఇదొక్కటే. బి.కొత్తకోట మండలంలో, మదనపల్లె నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి.హార్సిలీ 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి బంగళా కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది. అంతకుముందు నుంచీ ఉన్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కొండ మీద తప్పిపోయిన మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు పండ్లు పెట్టి సాకాయని స్థానికుల కథ. ఆమెకు గుడి కూడా ఉంది. కలెక్టరు కొన్ని వేసవులే ఉన్నాడు, మల్లమ్మ ఇంకా ఉంది. అయినా బస్సు బోర్డు మీద కలెక్టరు పేరే చెల్లింది.

సికింద్రాబాదు నుంచి ఇది ఒక రాత్రి ప్రయాణం. రైలులో తిరుపతి దాకా వెళ్లి బస్సు పట్టుకోవచ్చు. సొంత వాహనం ఉన్నవాళ్లు కర్నూలు, అనంతపురం, కదిరి మీదుగా వస్తారు. ఆ దారిన వచ్చేవాళ్లు కదిరి దగ్గర కాస్త పక్కకు తిరిగి తిమ్మమ్మ మర్రిమానును చూడకుండా పోకూడదు. సుమారు ఐదెకరాల మేర ఊడలు దించిన ఈ మర్రి 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. అంతటి నీడ ఏ కొండ మీదా లేదు.

మదనపల్లె సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఇంకో ఐదు వందల మీటర్ల పైకి తిప్పుకుంటూ తీసుకువెళుతుంది. పైన నీలగిరి చెట్లు, చందనం, ఎర్రగా పూసే తురాయిలు ఏడాది పొడవునా ఏదో ఒక నీడ ఇస్తాయి. ఆంగ్లేయుల కాలంలో నాటిన ముసలి నీలగిరి చెట్టు ఒకటి ఇక్కడి చూడదగ్గ వాటిలో చేరింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు నీడలో కూర్చుని ఆంధ్రా ఊటీ అని మురిసిపోవడం తమాషాగానే ఉంటుంది. తెలుగు పేరేమో నీలగిరి చెట్టు.

ఇక్కడి సాయంత్రాలకు కేంద్రం గాలిబండ. లోయ మీదికి చొచ్చుకువచ్చిన నున్నటి రాతి వాలు అది. పేరుకు తగ్గట్టు గాలి ఆగదు, టోపీలు నిలవవు. అయిదింటికి జనం చాపలు, మరమరాల పొట్లాలతో చేరి చీకటి పడేదాకా కదలరు. కింద పొలాల మీద పొద్దు వాలడం, ఒక్కొక్క ఊరిలో దీపాలు వెలగడం చూడటమే కార్యక్రమం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత మబ్బు పట్టి ఉరుములతో మామిడి జల్లులు పడతాయి. అవి పడిన సాయంత్రం ఇక్కడ స్వెట్టరు వేసుకున్నవాళ్లూ కనిపిస్తారు. తడిసిన బండ జారుతుంది. పిడుగులు పడే వేళ ఆ వాలు మీద ఉండకూడదు.

పొద్దుటి నడక పక్షుల కోసం. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో మాత్రమే ఉండే పసుపు గొంతు పికిలిపిట్టను చూడడానికి దూర రాష్ట్రాల నుంచి పక్షి ప్రేమికులు ఇక్కడికి వస్తారు. బండల మధ్య పొదల్లో దాక్కుంటుంది. కూత ముందు, పిట్ట తర్వాత. అటవీ శాఖ పార్కులో జంతువులు, మొసళ్ల కొలను ఉన్నాయి. గంగోత్రి చెరువు చిన్నది. తాడు పట్టుకుని బండ దిగడం, బంతిలో దొర్లడం వంటి సాహస క్రీడలు కుర్రకారు కోసం పెట్టారు. పర్యాటక సంస్థ గదులు వేసవి వారాంతాల్లో దొరకడం కష్టం. బెంగళూరు 150 కిలోమీటర్ల లోపే కావడంతో అక్కడి జనమే ముందు నింపేస్తారు.

మధ్యాహ్నం ఖాళీని మదనపల్లెలో గడపవచ్చు. 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన ఆలోచనతో వెలసిన రిషివ్యాలీ బడి హార్సిలీ కొండలకు దగ్గరి లోయలోనే ఉంది. అది చదువుకునే చోటు కాబట్టి ముందస్తు అనుమతి లేకుండా వెళ్లకూడదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేశారు. ‘జన గణ మన’కు తన ఆంగ్లానువాదం అక్కడే చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ పాట బాణీని స్వరపరచడంలో పాలుపంచుకున్నారు. ఇవేవీ పట్టనివాళ్లకు టమాటా మార్కెట్ ఉంది. దేశంలోనే పేరున్న ఆ మార్కెట్లో వేసవి పొద్దున ట్రేల గుట్టల మధ్య నడవడం కూడా ఒక విహారమే.

అరకు

ముందుగా ఒక హెచ్చరిక. విశాఖ మన్యంలోనూ ఒక అనంతగిరి ఉంది. వికారాబాదు అనంతగిరికి వెళ్లాలనుకుని అక్కడి విడిదిలో గది తీసుకున్నవాళ్ల కథలు తరచూ వినిపిస్తాయి.

సికింద్రాబాదు నుంచి విశాఖకు రాత్రి బళ్లతోపాటు 2023 జనవరి నుంచి వందేభారత్ నడుస్తోంది. విశాఖ నుంచి అరకుకు పొద్దున్నే బయలుదేరే కిరండూల్ పాసింజరే మేలైన దారి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చడం కోసం 1960ల్లో వేసిన లైను ఇది. కనుమలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని పిల్లలంతా కేక పెట్టడం ఆనవాయితీ. 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కలిపారు. వేసవిలో ఆ పైకప్పు సుఖమేనా అన్నది కూర్చున్నవాళ్లు చెప్పాలి.

మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లు పడిన వారం పది రోజులకు కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. మల్లెలాంటి వాసన. ఆ పూత నిలిచేది కొద్ది రోజులే కనుక ముందుగా టిక్కెట్లు తీసుకున్నవాళ్లకు అది దొరకడం అదృష్టం. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు చిన్న చిన్న కమతాల్లో పండిస్తారు. చైత్రంలో ఇటుకల పండుగ జరుగుతుంది. మగవాళ్లు వేటకు వెళితే ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పట్టుకుని వచ్చేపోయే వాహనాలను ఆపి డబ్బులు అడుగుతారు. తెలియని సందర్శకులు కంగారు పడతారు గానీ అది పండుగ మర్యాద. నవ్వుతూ ఇచ్చి ముందుకు సాగడమే.

అరకు ఇంకా ఊటీలా హోటళ్లతో నిండకపోవడానికి చట్టం ఒక కారణం. మన్యంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా నిషేధించే 1/70 నిబంధనలు ఇక్కడ వర్తిస్తాయి. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆ రక్షణను మరింత గట్టిపరిచింది. గదులు చాలడం లేదని విసుక్కునే సందర్శకులు లోయ ఇంకా లోయలా ఉండటానికి కారణం అదేనని గమనించాలి. లంబసింగి పేరు కూడా వేసవి జాబితాల్లో కనిపిస్తుంది గానీ దానికి పేరు తెచ్చింది డిసెంబరు, జనవరి చలి. మేలో అక్కడికి పరుగెత్తనక్కర్లేదు.

ఊటీ

పదకొండు డిగ్రీల తేడా కావాలంటే ఇంకో దారి లేదు. సికింద్రాబాదు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగా వెళుతుంది. అక్కడి నుంచి మేట్టుపాళయం చేరి చిన్న రైలెక్కితే నిటారు వాలుల్లో పళ్ల చక్రాల సాయంతో 46 కిలోమీటర్లు పాకుతూ పైకి చేరుస్తుంది. ఆ లైను 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి చేరింది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. టిక్కెట్లు నెలల ముందే అయిపోతాయి. మేలో బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన ఉంటుంది. తెలుగు సినిమా పాటల్లో చూసిన గడ్డి వాలులన్నిటినీ గుర్తుపట్టడం ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ల అనధికార క్రీడ. రద్దీని అదుపు చేయడానికి మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి వాహనాలకు ఇ-పాస్ తప్పనిసరి చేశారు. సొంత కారులో వెళ్లేవాళ్లు బయలుదేరేముందే తీసుకోవాలి.

సీజన్ ముగింపు

మృగశిర కార్తెతో నగరంలో చేపల దుకాణాలు కిటకిటలాడే వేళకు కొండల మీద గదుల ధరలు దిగడం మొదలవుతుంది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. జులై 1 నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా నల్లమలలో సఫారీ జీపులు ఆగిపోతాయి. అప్పటికి అనంతగిరిలో టేకు ఆకు వేసి ఉంటుంది, రాళ్ల మధ్య మూసీ కదులుతుంటుంది. వేసవిలో ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్లు అదే వికారాబాదు బండికి మళ్లీ టిక్కెట్టు తీసుకుంటారు.